గుటకవారి మొదటి ముద్ద

పైడిరాజు మొదటి ముద్ద తినడు. కలుపుతాడు, గుండ్రంగా చేస్తాడు, కంచంలో ఎడమ పక్కన పెడతాడు. మిగతా అన్నమంతా అయ్యాక, చెయ్యి కడుక్కోబోయే ముందు, కళ్ళు మూసుకుని దాన్ని నోట్లో వేసుకుంటాడు. ఇంట్లో పప్పన్నమైనా అంతే, పెళ్ళి భోజనమైనా అంతే. ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్నా ఒక తునక పక్కకు వెళ్ళాల్సిందే.

ఆ ముద్ద ఎవరిదో అతని భార్య సువర్చలకు తెలుసు. అది నూకరత్నానిది. నూకరత్నం అతని మొదటి పెళ్ళాం. చచ్చిపోయి నాలుగేళ్ళయింది. చచ్చిపోయిందనడం లోకం మాట. పైడిరాజు పుట్టిన గుటకవారి వంశంలో అలా అనరు. లోపలికొచ్చింది అంటారు.

బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని తేల్చుకోవచ్చు. పోయిన సవతి అయితే ఫోటోకి దండ వేసి, గోడకి తగిలించి, ఏడాదికోసారి దుమ్ము దులిపి ఊరుకోవచ్చు. సొంత మొగుడి ఒంట్లో కాపురముంటున్న సవతిని ఏం చెయ్యాలి? సువర్చల విశాఖపట్నంలో పెద్ద రక్తవ్యాధుల డాక్టరు. ఆస్పత్రి పైఅంతస్తులో ఆమెకు సొంత ప్రయోగశాల ఉంది. అంతటి మనిషీ రెండు పూటలా ఒక అన్నం ముద్ద వంక చూసి కుళ్ళిపోయేది. కూర ఎలా ఉందని కూడా అడిగేది కాదు. ఆ కూర ఎవరి పేరున ముందు పక్కకు వెళుతుందో తెలిశాక అడగబుద్ధి కాదు.

పెళ్ళయిన కొత్తలో పైడిరాజు ఆమెను తన ఊరు ఎర్రగెడ్డ తీసుకెళ్ళాడు. కొండల కింద, వాగు ఒడ్డున ఉన్న ఊరది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గుటకవారిని రక్తపిశాచాలంటారు. అన్నం తినని పిల్లల్ని గుటకోళ్ళకి ఇచ్చేస్తామని బెదిరిస్తారు. వాళ్ళకి నీడ ఉండదట, అద్దంలో కనపడరట, వెల్లుల్లి చూస్తే పారిపోతారట. సువర్చల వెళ్ళిన రోజు ఆ ఇంట్లో దంచుతున్న వెల్లుల్లి కారానికి వీధి మొదట్లోనే తుమ్ములు మొదలయ్యాయి.

రోలు దగ్గర కూర్చున్నావిడ అప్పయ్యమ్మ, పైడిరాజుకి మేనత్త. నూకరత్నం ఆవిడ కూతురే, మేనరికం. కూతురి చోటులోకి వచ్చినదాన్ని ఆవిడ చీదరించుకుంటుందని సువర్చల సిద్ధపడే వచ్చింది. అప్పయ్యమ్మ పీట వేసి, మంచినీళ్ళిచ్చి, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ వంశం కథ మొదలుపెట్టింది.

"మా మూలపుటమ్మ గుటకమ్మ. ఆయమ్మ మొగుడు తేనె కొట్టీవోడు. కొండ మీద ఎలుగ్గొడ్డు సీరీసింది. ఇంటికి మోసుకొచ్చీసరికి సివరి ఊపిరి. ఈయమ్మ ఏడుస్తూ ఆ గాయానికి మూతెట్టీసింది. తెల్లారినాక లేసి, ఎన్నడూ ఎల్లని కొండకి తిన్నగా ఎల్లిపోయి, మొగుడు ఎవులికీ సెప్పకుండా సూసుకున్న తేనెపట్టు కాడ నిలబడ్డాది. మూతికి రత్తముంది కదా. పసులకాపర్లు సూసి కేకలెట్టీసినారు. అప్పట్నించీ మనకీ పేరు."

గుటక అని పేరే గానీ, తాగేది ఒక్క చుక్క. పోయేవాళ్ళు తమ నోటితో అడిగితేనే తీసుకోవాలి. నిమ్మముల్లుతో వేలు గుచ్చి, తమలపాకు మీద చుక్క వేసి, ఆకుతో సహా నోట్లో పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి మొదటి ముద్ద లోపలికొచ్చినవాళ్ళ పేరున పక్కన పెట్టాలి. మనిషికి జన్మలో గుటక ఒక్కటే. వెనకటికి ఎరకయ్య అనేవాడు ఆశకొద్దీ పెళ్ళాం గుటకా తీసుకున్నాడు, తల్లి గుటకా తీసుకున్నాడు. లోపలున్న ఇద్దరిలో ఒకరు ఇంట్లోకి రమ్మంటే ఒకరు పొమ్మన్నారు. బతికినన్నాళ్ళూ గుమ్మంలోనే నిలబడి అన్నం తిన్నాడట. ఈ కథ చెప్పి ఎర్రగెడ్డలో అందరూ విరగబడి నవ్వుతారు. రెండో గుటక మాత్రం ఎవరూ తీసుకోరు.

"లోపలికి వచ్చేది ఏమిటి అత్తమ్మా? మనిషా? జ్ఞాపకాలా?" అని అడిగింది సువర్చల.

"మనిసేటొస్తాదమ్మా! పోయినోల్లకి దేని మీద పేణముందో, అదొస్తాది. గుటకమ్మ మొగుడికి ఆ తేనెపట్టు మీదుంది. ఒకొక్కలకి ఒకోదాని మీదుంటాది."

సువర్చలకు ఆ మాట ముల్లులా దిగింది. ఆడదాని ప్రాణం మొగుడి మీద కాక ఇంకెక్కడ ఉంటుంది? అంత చదువు చదివిన మనిషి మరో ప్రశ్న వెయ్యకుండా అదే నిజమనుకుంది. అంటే పైడిరాజు లోపల ఒక ఆడది కూర్చుని రాత్రింబవళ్ళు పైడిరాజునే ప్రేమిస్తోందన్నమాట. అలాంటిదానితో ఏ భార్య పోటీ పడగలదు?

నిజానికి నూకరత్నం ఆమెకు పరాయిది కాదు. రక్తక్యాన్సర్‌తో నెలల తరబడి ఆమె వార్డులోనే ఉంది. లోకమంతా డాక్టర్ గారూ అని పిలిచే మనిషిని "సువర్చా" అని సగం పేరుతో పిలిచిన రోగి ఆమె ఒక్కతే. డ్యూటీ అయ్యాక సువర్చల ఆ మంచం దగ్గరే కూర్చునేది. తనకెవరూ లేరనీ, తలనొప్పి వస్తే చీకటి గదిలో పడుకుంటాననీ, గిన్నె అడుగున అంటుకున్న మాడంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమనీ, ఎవరికీ చెప్పనివన్నీ ఆమెకు చెప్పింది. చేతుల్లో సత్తువ ఉన్నన్ని రోజులూ నూకరత్నం ఆమె జడను నాలుగు పాయలతో అల్లేది. ఆమె పోయినప్పుడు సువర్చల ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

అప్పటిదాకా పైడిరాజు ఆమెకు రెండు బారల దూరంలో చేతులు కట్టుకుని నిలబడి "మేడమ్" అనేవాడు. వాతావరణ కేంద్రంలో బెలూన్లు ఎగరేసే ఉద్యోగం అతనిది, మాట తక్కువ. కర్మకాండలు అయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె గది తలుపు తోసుకొచ్చి, "సువర్చా, అన్నం తిన్నావా?" అని అడిగాడు. నలభైకి దగ్గర పడుతున్న ఆమెను అంతకుముందు ఏ మగాడూ ఆ మాట అడగలేదు. ఏడాది తిరిగేసరికి పెళ్ళి చేసుకున్నారు. ఆమె చెప్పకుండానే మాడు గీకి ఆమె కంచంలో వేసేవాడు. కణత మీద వేలు పెడితే చాలు, కిటికీ తెరలు లాగేవాడు. తనను ఇంతగా చదువుకున్న మగాడు ఒకడుంటాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

జడ మాత్రం నాలుగు పాయలు అల్లేవాడు. ఆ నాలుగో పాయ ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఒకప్పుడు తను ముచ్చటపడ్డ జడే ఇప్పుడు మెడకు ఉరిలా అనిపించింది. ఒక శనివారం వెళ్ళి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది. పైడిరాజు బాగుందన్నాడు. అతని వేళ్ళు అలవాటుగా ఆమె వీపు దాకా వెళ్ళి, అక్కడ ఏమీ లేక తిరిగొచ్చాయి. ఆ సాయంత్రమంతా ఆమెకు గెలిచినట్టే ఉంది. రాత్రి భోజనంలో ముద్ద పక్కకు వెళ్ళగానే మళ్ళీ మొదటికొచ్చింది.

విటమిన్ల పరీక్ష అని అబద్ధం చెప్పి ఆమె మొగుడి రక్తం తీసింది. ప్రయోగశాలలో ఆమె దగ్గర పనిచేసే రెహానాని పిలిచి తెర మీద చూపించింది. నల్లటి నేల మీద మెరుస్తున్న సన్నటి చుక్కలు.

"ఇవేమిటి మేడమ్?"

"మా సవతి" అంది సువర్చల.

రెహానా నవ్వింది. సువర్చల నవ్వలేదని చూసి ఆపేసింది.

అవి మెదడు కణాలు రక్తంలోకి వదిలే సూక్ష్మమైన తిత్తులు. అందరి రక్తంలోనూ ఉంటాయి. మామూలు మనుషులు ఆ చుక్క మింగితే కడుపులో అరిగిపోతాయి. గుటకవారి లాలాజలంలో మాత్రం ఒక పదార్థం ఉంది. అది ఆ తిత్తికి తొడుగు వేసి మెదడు దాకా క్షేమంగా చేరుస్తుంది. అక్కడితో ఆగక, తాగినవాడి ఎముకల మజ్జ వాటికి నకళ్ళు తీస్తూ ఉంటుంది. పిశాచాల కథలో నిజం ఇంతే. ఇంత కనిపెట్టిన మనిషి ఇంకెవరైనా అయితే లోకానికి చాటేవారు. సువర్చల తలుపు మూసుకుని, ఆ తొడుగును గుర్తుపట్టి పట్టేసే ఒక జల్లెడ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. రక్తం ఒక చేతి నుంచి గొట్టంలోకి వచ్చి, గాజు స్తంభంలోని జల్లెడ గుండా పారి, రెండో చేతిలోకి తిరిగి వెళుతుంది. చిక్కవలసినవి జల్లెడలో చిక్కుతాయి, చిక్కిన పూటే చితికిపోతాయి. చూసి తియ్యడానికి రక్తంలో ఒక్కటీ మిగలకపోతే మజ్జ కూడా నకళ్ళు ఆపేస్తుంది.

దానికి మొదట ఒప్పుకున్నది ఎర్రగెడ్డ నుంచి వచ్చిన దాలమ్మ, గుటకవారి పిల్లే. అత్తగారు పోతూ పోతూ గుటక తీసుకోమంటే కాదనలేకపోయిందట. అప్పటి నుంచి తనను తానే తిట్టుకుంటోంది. కూరలో ఉప్పు వేసి, "నీ సేతులిరిగిపోను, కుమ్మరించీసినావేటే?" అని తనకే శాపనార్థాలు పెడుతుంది. అద్దంలో చూసుకుని, "మా కొంపకి ఎక్కడ దొరికిందిరా ఈ మొకం" అని నిట్టూరుస్తుంది. జల్లెడ పట్టాక దాలమ్మ లేచి కూర్చుంది, అద్దం అడిగింది, బొట్టు సరిచేసుకుని హాయిగా నవ్వింది. క్యాంటీన్ నుంచి తెచ్చిన సాంబారన్నం మొదటి ముద్ద తనే తినేసింది.

"విచిత్రం కదా మేడమ్" అంది రెహానా. "అత్తగారి ప్రాణమంతా కోడలి మీదే ఉందన్నమాట. ప్రేమతో కాకపోయినా."

సువర్చల వినలేదు. ఆమె దాలమ్మ కంచం వంకే చూస్తోంది. ఎడమ పక్క ఖాళీగా ఉంది.

అప్పయ్యమ్మ అప్పుడప్పుడూ మామిడి తాండ్ర పట్టుకుని విశాఖ వచ్చేది. వచ్చి పైడిరాజుకి ఎదురుగా కూర్చుని, గడ్డం పుచ్చుకుని, కళ్ళలోకి చూస్తూ, "అమ్మీ, బాగున్నావేటే?" అనేది. నలభై ఏళ్ళ మగాడు, మీసాలున్నవాడు, బుద్ధిగా తలూపేవాడు. ఈసారి ఆవిడ వచ్చి వెళ్ళేదాకా సువర్చల వంటింట్లో బెండకాయలు తరుగుతూనే ఉంది. కావలసినదానికి మూడింతలు తరిగింది. ఆవిడ ఆటో వీధి మలుపు తిరగగానే కత్తిపీట పక్కకు నెట్టి హాల్లోకి వచ్చింది.

"ఈ ఇంట్లో నేను అద్దెకుంటున్నట్టుంది. ఆవిడ కావాలో నేను కావాలో ఇవాళే తేల్చెయ్."

పైడిరాజు ఆమె మొహంలోకి చూశాడు. "నీకు అంత బాధగా ఉందా సువర్చా?"

"పెళ్ళైన రోజు నుంచీ."

"అయితే తీసెయ్" అన్నాడతను.

ఇంకో మాట అడగలేదు. నొప్పి పుడుతుందా, ప్రమాదమా, ఏదీ అడగలేదు. కనీసం నాలుగు రోజులు బతిమాలించుకుంటాడని ఆమె మాటలన్నీ పేర్చుకుని పెట్టుకుంది. అవన్నీ మిగిలిపోయాయి. ఆ పూట అన్నంలో ముద్ద పక్కన పెట్టి, తినేముందు ఎప్పటికన్నా ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నాడు. ఆఖరిసారి కదా అని ఆమె ఓర్చుకుంది.

మర్నాడు ప్రయోగశాలలో రెహానా నసిగింది. "ఇంట్లోవాళ్ళకి మనమే చెయ్యడం పద్ధతి కాదు మేడమ్. వాళ్ళ అత్తగారికైనా చెబుదాం."

"చెయ్యి ఆయనది, రక్తం ఆయనది. ఆయన ఒప్పుకున్నాడు. సూది నువ్వు గుచ్చు."

గాజు స్తంభంలో జల్లెడ మెల్లగా లేత గులాబీ రంగుకు తిరిగింది. సువర్చల దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఇన్నాళ్ళకు సవతి ఎదురుగా ఉంది, మొగుడి ఒంటికి బయట, గాజు లోపల. చూసినకొద్దీ ఆమెకు సంతోషమే కలిగింది.

ఇంటికొచ్చాక గుత్తివంకాయ చేసింది. తనే వడ్డించి ఎదురుగా కూర్చుంది. పైడిరాజు కలిపాడు, ముద్ద చేశాడు, తిన్నగా నోట్లో పెట్టుకున్నాడు. చప్పట్లు కొట్టాలన్నంత పొంగు వచ్చిందామెకు. పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి, "కూర ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుందండీ" అన్నాడతను.

తిన్నాక అన్నం గిన్నె తీసుకెళ్ళి మాడు మీద నీళ్ళు పోశాడు. ఆమె గబగబా వెనకే వెళ్ళింది. "అయ్యో, నాకు గీకి పెట్టలేదేం?"

"మీరు మాడు తింటారా మేడమ్?" అని, అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. గిన్నె కింద పెట్టి గోడకి ఆనుకున్నాడు. "తింటారు. గుర్తుంది. రోజూ నేనే పెట్టేవాణ్ణి. పెళ్ళి గుర్తుంది, ఈ ఇల్లు గుర్తుంది, అన్నీ గుర్తున్నాయి. ఎందుకు చేశానో అదొక్కటే దొరకట్లేదు."

రెండు రోజులాగితే సర్దుకుంటుందని ఆమె అనుకుంది. మూడోనాడు అతను బీరువా అడుగు నుంచి నూకరత్నం ఫోటో తీసి, తుడిచి, దండ కొనుక్కొచ్చి హాల్లో తగిలించాడు. దాని కింద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అది పోయాక నేను ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదండీ. లోపలే ఉందిగా, ఏడవడానికేముంది? ఇప్పుడు లేదు. మా రత్నం లేదు."

ఆమె కోరుకున్నట్టే అయింది. పోయిన సవతి, గోడ మీద ఫోటో, దండ. ఆ ఫోటో వంక అతను చూస్తున్న చూపు ఒక్కసారి కూడా తన మీద పడలేదని సువర్చలకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ లేని పోటీని తనే తెచ్చి నట్టింట్లో పెట్టుకుంది. గుండెల్లో మంట అలాగే ఉంది, పైగా రెట్టింపైంది.

అప్పయ్యమ్మ మళ్ళీ వచ్చింది. గడ్డం పుచ్చుకుని అల్లుడి కళ్ళలోకి చూసింది. అమ్మీ అనలేదు. చెయ్యి జారవిడిచి, తాండ్ర పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. సువర్చల ఎదురుగా వచ్చి నిలబడింది. తిట్టినా కొట్టినా పడదామనుకుంది.

"తీయించీసినావేటమ్మా?"

"మొగుడి ఒంట్లో ఇంకో ఆడది ఉంటే ఎవరు ఊరుకుంటారు అత్తమ్మా? ఎప్పుడూ ఆయన్నే ప్రేమించుకుంటూ లోపల..."

"ఆడ్నా?" అప్పయ్యమ్మ తలెత్తింది. "ఆడు మేనబావ. పుట్టినకాడ్నించీ కళ్ళెదురుగున్నోడు. ఇష్టం నేదనను. ఆడికి నానున్నాను, ఊరున్నాది, ఆడి గురించి దానికి బెంగేటి? పోయీముందు దాని పేణమంతా నీ మీదే కదమ్మా. 'అమ్మా, సువర్చకి ఎవులూ నేరే. అన్నం తిన్నావా అని అడిగీవోలు నేరే' అని అదే గోల. ఆ గోలతోనే ఎల్లిపోనాది. ఆడి నోట్లో పడ్డ సుక్కలో అదే ఉన్నాది."

సువర్చలకు, పైడిరాజు తలుపు తోసుకొచ్చి అన్నం తిన్నావా అని అడిగిన మధ్యాహ్నం కళ్ళ ముందు కదిలింది. మాడు సంగతి తను చెప్పింది ఒక్క నూకరత్నానికే. దాలమ్మ అద్దం ముందు నిలబడి తనను తాను అత్తగారి కళ్ళతోనే చూసుకుంది. అంతా తన ప్రయోగశాలలోనే, తన ఎదురుగానే జరిగింది.

"కానీ... తీసెయ్యమంటే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు అత్తమ్మా."

"ఆడేటి ఒప్పుకుంటాడు? అదొప్పుకున్నాది. నీకు బాధగున్నాదంటే అదుండగలదేటి? నీకోసరమే ఎల్లిపోనాది మల్లీ." అప్పయ్యమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాండ్ర పొట్లం సువర్చల చేతిలో పెట్టింది. "ఇది నీకే. ఎప్పుడూ నీకోసరమే తెచ్చీదాన్ని. తీపి నీకిష్టమని అదే సెప్పింది."

సువర్చల ప్రయోగశాలకు పరిగెత్తింది. చిక్కినవి చిక్కిన పూటే చితికిపోతాయని ఆమెకు తెలుసు, ఆ పరికరం చేసిందే ఆమె. తెలిసీ వెళ్ళింది. రెహానా గాజు స్తంభం తెచ్చి బల్ల మీద పెట్టింది. గులాబీ రంగు లేదు. అడుగున కాసిని తేట నీళ్ళున్నాయి. వాటిని పారబొయ్యడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

పైడిరాజు మంచివాడు. ఇల్లు వదిలి వెళ్ళలేదు. పొద్దున్నే బెలూన్లు ఎగరెయ్యడానికి వెళతాడు, వస్తూ కూరలు తెస్తాడు, ఆమెను మీరు అంటాడు. సువర్చల జుట్టు మళ్ళీ పెంచుతోంది. నాలుగు పాయలు తనే అల్లుకోవడం నేర్చుకుంటోంది గానీ, చేతులు వెనక్కి పెట్టేసరికి భుజాలు లాగేస్తాయి, జడ వంకరపోతుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా భోజనానికి కూర్చున్నారు. పైడిరాజు అప్పటికే సగం తిన్నాడు. సువర్చల పప్పన్నం కలిపింది. ముద్ద గుండ్రంగా చేసి, కంచంలో ఎడమ పక్కన పెట్టింది.

అతని చెయ్యి ఆగిపోయింది. ఆ ముద్ద వంకా, గోడ మీది ఫోటో వంకా మార్చి మార్చి చూశాడు. "మీరు గుటక తీసుకోలేదు కదండీ. ఆ ముద్ద పెట్టాల్సింది నేను. నా రత్నానికి మీరెందుకు పెడుతున్నారు?"

నా రత్నం అన్న మాట దగ్గర సువర్చలకు ఒళ్ళు భగ్గున మండింది. కంచం తన వైపు లాక్కుని, ముద్దకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మీకేమండీ! పదేళ్ళు కాపురం చేశారు దానితో. నాతో ఉన్నది మూడేళ్ళే. ఆ మూడేళ్ళైనా నాకు చెప్పకుండా ఉంది."